గౌహతి, వయా తొండూరు

గౌహతి పటంలో ఎక్కడుందో నేను వేలు పెట్టి చూసుకున్నది ఉద్యోగం విడిచిన చాలా ఏళ్లకు. నా తోడల్లుడికి రైల్వేలో అక్కడికి బదిలీ అయిందని విన్నప్పుడు, ఆహా, దూరమే, అనుకుని ఊరుకున్నాను. అక్కడికి మా ఇంటి మనిషి పోవలసి వచ్చినప్పుడు మాత్రం ఊరుకోలేకపోయాను.

నా భార్య చెల్లెలికి గుండె కవాటం చెడింది. ఆపరేషన్ అక్కడి ఆసుపత్రిలోనే చేయాలన్నారు. రోగం తెలిసిన రోజు ఆమె భయపడలేదట. ఆపరేషన్ బుధవారం అని తేదీ చెప్పిన రోజు మాత్రం మంచం దిగకుండా కూర్చుంది. అక్కచెల్లెళ్ల పుట్టిల్లు జమ్మలమడుగు. చిన్నప్పుడే తల్లి పోతే, ఆ పిల్లకు తల దువ్వి, గోరుముద్దలు పెట్టి, బడికి పంపింది నా భార్యే. మా పెళ్లయినాక కూడా ఆ పిల్ల సగం రోజులు ప్రొద్దుటూరులో మా ఇంట్లోనే ఉండేది. ఇప్పుడు యాభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ఫోన్‌లో ఒకటే మాట.

"బావా, అక్క వచ్చి నా చెయ్యి పట్టుకుంటేనే లోపలికి పోతా. లేకుంటే సంతకం పెట్టను. చెప్పు ఆమెకు."

"పెట్టకుంటే ఎట్ల మ్మా, డాక్టర్లు..."

"డాక్టర్లకేం తెలుసు బావా. అక్క రానీ."

ఆమె మొండితనం నాకు తెలుసు. తోడల్లుడు కూడా రోజూ ఫోన్ చేసి అదే చెప్పేవాడు. "సంతకం పెట్టమంటే గోడవైపు తిరిగి పండుకుంటాందన్నా. వదినను పంపించు. టికెట్ నేను తీస్తా."

నేను తోడు పోదామంటే వీలు లేకపోయింది. అంతకు పదిహేను రోజుల ముందే నా ఎడమ చెవికి కర్ణభేరి ఆపరేషన్ అయింది. చెవిలో దూది, తలచుట్టూ కట్టు. విమానం మాటెత్తితేనే డాక్టరు చేత్తో వద్దన్నాడు. పైకి పోతే గాలి ఒత్తిడికి కుట్లు విడతాయట. జమ్మలమడుగులో ఉండే బావమరిదికి విమానమంటే భయం, పైకి చెప్పుకోడు. అందుకని నా భార్య ఒక్కతే పోవాలి. ఒంటరిగా ఆమె చేసిన అతి పెద్ద ప్రయాణం తిరుపతికి. అదీ బస్సులో, నేను డ్రైవర్‌కు చెప్పి ఎక్కించిన బస్సులో.

నేను బస్సు డిపోలో పనిచేసి రిటైరైనవాణ్ణి. డ్రైవర్నీ కాదు, కండక్టర్నీ కాదు. ఏ బస్సు ఎప్పుడు కదలాలి, ఏ స్టేజీలో ఎంతసేపు ఆగాలి, ఏ ఊరికి ఎప్పటికి చేరాలి అని పట్టికలు వేయడం నా పని. ఆ పని మనిషిని ఒక రకంగా తయారు చేస్తుంది. ఎవరైనా పలానా ఊరికి పోతున్నామంటే, నాకు ఆ ఊరు కనపడదు, మధ్యలో ఆగే చోట్లు కనపడతాయి. ప్రొద్దుటూరు నుంచి పులివెందుల అంటే నాకు జమ్మలమడుగు, ముద్దనూరు, తొండూరు. ఒక్కొక్కచోట ఎవరో ఒకరు బస్సు వచ్చిన వేళ రాసుకుంటారు. బస్సు ఆలస్యమైతే ఎక్కడ ఆలస్యమైందో తెలుస్తుంది. ఎన్నో ఏళ్లు ఇదే చూసినవాణ్ణి.

ఆ వారమంతా నేను గౌహతి దూరం లెక్కపెడుతూ కూర్చున్నాను. బెంగళూరు నుంచి రోడ్డు మీద పోతే మూడువేల కిలోమీటర్లకు దగ్గర. రైలైతే రెండు పగళ్లు, రెండు రాత్రులు దాటిపోతాయి. అదే విమానం తిన్నగా పోతే రెండువేల చిల్లర కిలోమీటర్లు, మూడు గంటలు. ప్రొద్దుటూరు నుంచి బెంగళూరు విమానాశ్రయానికి కారులో పోవాలంటే దాదాపు ఆరు గంటలు. అంటే మా ఇంటి నుంచి బెంగళూరుకు పోయేంతసేపట్లో ఆమె గౌహతికి పోయి తిరిగి రావచ్చు. ఈ లెక్క నాకు ఎన్నిసార్లు వేసినా మింగుడుపడలేదు. అంత దూరంలో ఒక్క స్టేజీ లేదు. ఎక్కినాక దిగేదాకా మూడు గంటలు ఆమె ఎక్కడుందో రాసుకునేవాడు ఒక్కడూ ఉండడు. రాత్రిళ్లు నిద్రపట్టక లేచి కూర్చుంటే, "ఏమయ్యా, చెవి నొస్తాందా?" అని నా భార్య అడిగేది. నొస్తాంది అనేవాణ్ణి.

తోడల్లుడు టికెట్ తీశాడు. అక్కడ వాళ్లకు బిహు పండగ రోజులు, విమానాలన్నీ నిండిపోయాయట. ఆపరేషన్ లోపల చేరేలా దొరికింది ఒక్కటే సీటు. ఫోన్‌కు వచ్చిన టికెట్‌ను నేను జెరాక్స్ షాపులో కాగితం మీద తీయించుకుని డైరీలో పెట్టుకున్నాను. మంగళవారం, 00:50. బెంగళూరు, గౌహతి.

నేను దాన్ని మంగళవారం రాత్రి పన్నెండు యాభై అని చదువుకున్నాను. మరోలా చదవొచ్చునన్న ఆలోచనే రాలేదు. మా డిపోలో నడిరాత్రి దాటాక కదిలే బస్సును కూడా ఆ సాయంత్రం మొదలైన డ్యూటీ కిందే రాసేవాళ్లం. మంగళవారం నైట్ సర్వీసు అంటే మంగళవారం పొద్దుగూకినాక వచ్చే రాత్రే. నా డైరీ కూడా అంతే. పొద్దు పొడిచేదాకా నాకు కొత్త పేజీ లేదు. పంచాంగంలో మాత్రం వేరేగా ఉందా? తెల్లారితేనే వారం మారేది. బావమరిది కూడా డ్రైవర్‌గా రిటైరైనవాడే. కాగితం చూసి, "మంగళారం నైటు. మధ్యాన్నం అన్నం తిని కదిలితే చాలు బావా," అన్నాడు. మేమిద్దరం అనుకున్నాక ఇంక ఎవరు కాదంటారు?

బుధవారం తెల్లవారుజామున దిగుతుంది, ఆ పొద్దునే ఆపరేషన్. ఇంత ఇరుకుగా ఎందుకు తీశాడు తోడల్లుడు అని విసుక్కున్నాను కూడా. దొరికింది అదొక్కటే అన్నాడు గదా అని సర్దుకున్నాను.

నా భార్య బాధ వేరు. "మంగళారం బయల్దేరతారా ఎవురైనా? అదీ రోగిని చూసేదానికి?"

అందుకు మా వైపు ఒక ఉపాయం ఉంది. పస్తానం పెట్టడం. చెడ్డరోజున పోక తప్పకపోతే, ముందురోజే మన మూటనో సంచినో ఇంకొకరి ఇంట్లో తీసుకుపోయి పెడతారు. మూట కదిలిందంటే మనిషి కదిలినట్టే. మరునాడు ఆ ఇంటి మీదుగా పోయి మూట తీసుకుంటే అది కొత్త ప్రయాణం కాదు, నిన్నటి ప్రయాణమే. సోమవారం పొద్దున ఆమె తన బట్టల సంచి, ఆధార్ కార్డు, చెల్లెలికి చేసిన శనగపొడి అన్నీ తీసుకుని, జమ్మలమడుగులో తమ్ముడింట్లో పస్తానం పెట్టడానికి బస్సెక్కింది. సాయంత్రానికి వస్తానంది.

మూడు గంటలప్పుడు నేను పడక్కుర్చీలో ఉన్నాను. ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. విమానం వాళ్లది, ఇంగ్లీషులో. మీ ప్రయాణానికి పది గంటల లోపే ఉంది, ముందుగా రండి అని దాని సారాంశం. వీళ్లకు లెక్కలు కూడా రావని నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. తోడల్లుడికి ఫోన్ చేశాను.

"అన్నా, బయల్దేరినారా? యాడిదాకా వచ్చినారు?"

"రేపు రాత్రి కదప్పా?"

తోడల్లుడు మెల్లగా అన్నాడు. "ఈ రాత్రే అన్నా. పన్నెండు దాటితే మంగళారమే కదా. పొద్దున్నే నేను ఎయిర్‌పోర్టుకు పోయి తెచ్చుకుంటానని చెప్తి గదా."

"ఇంకో సీటు..."

"లేదన్నా. గురువారం దాకా లేదు. వస్తాందని నేను నీ మరదలికి చెప్పిపెట్టినా. ఇప్పుడు రాలేదంటే..." అని ఆపేశాడు.

నేను నా భార్యకు ఫోన్ చేశాను. పక్కగదిలో ఫోన్ మోగింది. చార్జింగ్‌కు పెట్టి మరిచిపోయి పోయింది. బావమరిదికి చేస్తే అందుబాటులో లేడని ఫోన్ చెప్పింది. జమ్మలమడుగులో అతని భార్య ఎత్తింది.

"వాళ్లు ఈడ లేరన్నా. వదినె సంచి పెట్టి, అన్నం తిని, ఇద్దరూ పులివెందులకు పోయినారు. చిన్నాయన తోటలో చీనీకాయలు తెంపుకొని వస్తామని. చెల్లెలికి చీనీకాయలంటే ప్రాణం కదన్నా."

"ఎప్పుడొస్తారు?"

"నాలుగున్నర బస్సుకు ఎక్కుతామనిరి."

"సంచి, ఆధార్ కార్డు తీసి గేటు కాడ పెట్టుకో మ్మా. వస్తాండా."

మా వీధి చివర కారు బాడుగకు తిప్పే ఒక సాయిబు ఉన్నాడు. నలభై ఏళ్ల మనిషి, నన్ను మామా అంటాడు. సంగతి చెప్పగానే తింటున్న బజ్జీని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని కారు తీశాడు. ఊరు దాటేవరకు ఏమీ అడగలేదు. తర్వాత అడిగాడు.

"మామా, అత్త యాడుందో తెలీదు, విమానానికి ఎక్కించాల. అంతేనా?"

"యాడుందో తెలుసు. పులివెందుల నుంచి జమ్మలమడుగుకు వచ్చే బస్సులో ఉంటుంది."

"ఏ బస్సు?"

నేను లెక్క చెప్పాను. నాలుగున్నర బస్సు పులివెందులలో ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే కదులుతుంది. తొండూరుకు అది వచ్చేసరికి మనమూ అక్కడుంటాం. నడిరోడ్డు మీద పోయే బస్సుకు కారు అడ్డంపెట్టి ఆపమంటే ఏ డ్రైవరూ ఆపడు. తొండూరులో అయితే ప్రతి బస్సూ నిలబడుతుంది. అక్కడ ఎక్కి చూడొచ్చు. ఎదురుగా వచ్చే బస్సు ఎక్కడ కలుస్తుందో నా ఉద్యోగమంతా లెక్కగట్టినవాణ్ణి. ఆ మాట సాయిబుకు కూడా చెప్పాను.

"విమానం కూడా నువ్వే లెక్కగట్టినావా మామా?" అన్నాడు రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా.

జమ్మలమడుగులో మా బావమరిది భార్య సంచితో రోడ్డు మీదే నిలబడి ఉంది. కారు పూర్తిగా ఆగకముందే తలుపు తీసి సంచి లోపల తోసింది. దాని వెనకే ఒక ఊరగాయ జాడీ, ఒక పాత శాలువా. "ఆడ చలంటనే అన్నా." చలి లేదని చెప్పేంత తీరిక నాకు లేదు. పస్తానం సంచి ఒడిలో పెట్టుకుని ముద్దనూరు దాటాను. చెవి కట్టు కింద చెమట కారి దురద. గోకకూడదు. చేతిలో ఆమె ఫోన్, నా ఫోన్ రెండూ ఉన్నాయి. బావమరిది నంబరు నొక్కుతూనే ఉన్నాను. తోటలో సిగ్నలు ఉండదని తెలుసు. అయినా నొక్కుతూనే ఉన్నాను.

తొండూరు చేరేసరికి ఎండ పసుపెక్కింది. బస్సులు నిలిచే చోట కారు పక్కకు పెట్టించి నేను దిగి నిలబడ్డాను. మొదట వచ్చిన బస్సు ఎక్కి చివరిదాకా చూశాను. లేరు. కండక్టర్ కుర్రవాడు. నాలుగున్నర బస్సు సంగతి అడిగాను.

"అది డిపోలోనే ఉండాది పెద్దాయనా. గేరు పడలేదంట. వేరే బండి వేస్తామన్నారు."

"బస్టాండులో ఒక ఆడామె, అరవై దాటినామె, పక్కన లావుపాటి ఆయన, చీనీకాయల సంచి..."

"అట్లాంటోళ్లు బస్సుకు ఇరవైమంది ఉంటారు. యాడని చూసేది?" అని విజిల్ వేశాడు.

ఇప్పుడేం చేయాలి? పులివెందులకే పోవాలా, ఇక్కడే నిలబడాలా? పోతే, మధ్యలో వాళ్లు ఏ షేర్ ఆటోలోనో ఎదురై దాటిపోవచ్చు. నిలబడితే, బస్టాండులో వాళ్లు వేరే బండి కోసం ఇంకా కూర్చునే ఉండొచ్చు. మా లెక్కల్లో బస్సు చెడిపోతే ఏం చేయాలో ఉంది, బస్సెక్కాల్సిన మనిషి ఏం చేస్తుందో లేదు. నేను రోడ్డుకు ఈ పక్కన కాసేపు, ఆ పక్కన కాసేపు నిలబడ్డాను. సాయిబు టీ తెచ్చిస్తే పట్టుకుని తాగడం మరిచిపోయాను.

"మామా, పోదాం పా. పొద్దు పోతాంది."

"ఇంకో బస్సు చూద్దాం."

"నువ్వు చూస్తానే ఉంటావు, విమానం పోతానే ఉంటాది."

రెండో బస్సు వచ్చింది. అందులోనూ లేరు. దిగుతుంటే మెట్టు మీద కాలు జారి కమ్మీ పట్టుకున్నాను. ఒకామె, "పెద్దాయనా, ఎవుర్ని ఎతుకుతాండావు?" అని అడిగింది. ఆమెకు చెయ్యి ఊపి దిగాను. నా కళ్ల ముందు ఉన్నది గౌహతిలో గోడవైపు తిరిగి పండుకున్న మరదలు. సంతకం పెట్టదు. ఆమె అనింది చేసే మనిషి. చిన్నప్పుడు ఒకసారి అక్క జాతరకు తీసుకుపోలేదని రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇప్పుడు ఆ గుండెకు అంత ఓపిక లేదు.

సరే పోదాం అని కారు వైపు రెండడుగులు వేశాను. అప్పుడు వెనక నుంచి ఒక కేక.

"ఆపప్పా, ఆపు. ఆ తలకు గుడ్డ కట్టుకున్నాయన మా ఇంటాయన."

అది బస్సు కాదు. మేము చీనీకాయలనే బత్తాయిల బుట్టలు నింపుకున్న ట్రాలీ ఆటో. ముందు డ్రైవర్ పక్కన నా భార్య, వెనక బుట్టల మధ్య కాళ్లు ముడుచుకుని బావమరిది. బస్సు రాకపోయేసరికి ముద్దనూరుకు పోయే బండి దొరికిందని ఎక్కారట. నేను బస్సులకే చూస్తున్నాను కాబట్టి ఆ బండి నా ముందు నుంచే దాటిపోయి ముప్పై గజాలు పోయింది. ఆమె చూడకపోతే నేను చూసేవాణ్ణి కాదు.

ఆమె దిగి నా వైపు వస్తూ మధ్యలో ఆగిపోయింది. నన్ను చూసింది. కారును చూసింది. కారు సీటు మీద తన సంచిని చూసింది.

"పోయిందా?" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. ప్రొద్దుటూరులో ఉండాల్సినవాణ్ణి కట్టుతో తొండూరు రోడ్డు మీద నిలబడి ఉంటే చెల్లెలికి ఏదో అయిందని తప్ప ఆమె ఇంకేమనుకుంటుంది?

"లేదు మే. బాగుంది. ఇప్పుడే మాట్లాడినా. విమానం రేపు కాదు, ఈ రాత్రే. అంతే. నేను తప్పు చూసినా."

ఆమె అక్కడే, రోడ్డు పక్కన కంకర కుప్ప మీద కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుని, ఇంకోసారి అడిగింది. "ఒట్టా?"

"ఒట్టు."

నేనూ పక్కన కూర్చోబోయాను. బావమరిది బుట్టల మీది నుంచి దిగలేక దిగి, మోకాళ్లు రుద్దుకుంటూ వచ్చాడు. ఆమె లేచింది. "మరింక కూర్చుంటావేంది? పా," అంది నాతో.

కారు పులివెందుల దాటింది. కదిరి దారి పట్టాక బావమరిది మొదలుపెట్టాడు.

"బావా, ఇంతకాలం బస్సులకు టైము ఇస్తివి. ఒక్క విమానానికి ఇయ్యలేకపోతివే."

"కాగితం చూసి మంగళారం నైటు అన్నది నువ్వు కాదా?"

"నువ్వు పెద్దోనివి. నీ మాట ఎనకంటి నేనూ అన్నా."

"ఎనకంటి కాదురా, ముందే అన్నావు."

"మీ ఇద్దరికీ డిపోలో పింఛను ఎట్లిచ్చినారో," అంది నా భార్య వెనక సీటులోంచి. సాయిబు గట్టిగా నవ్వి, వెంటనే రోడ్డు చూసుకున్నాడు. ఇంకాస్త దూరం పోయాక ఆమె తనలో తాను అన్నట్టు అంది. "అయినా మేలే అయింది. మంగళారం బయల్దేరే పని తప్పింది. సోమారం కదిలినా."

"సోమారం తూర్పుకు పోతే వారశూల కదక్కా," అన్నాడు బావమరిది.

"నోరు మూసుకోరా. నేను దక్షిణానికి పోతాండా. బెంగళూరుకు."

తర్వాత ఆమె నన్ను ప్రశ్నలు వేసింది. ఆ ప్రశ్నలు వారం నుంచి దాచిపెట్టుకుందని అప్పుడు తెలిసింది. విమానంలో ఎంతసేపు? మూడు గంటలు. మధ్యలో యాడ ఆగుతాది? ఆగదు. ఆగకుండా మూడు గంటలు పోతాదా? పోతుంది. ఆడికి పోతే టైము మారతాదా? మారదు, మన గడియారమే, అయితే అక్కడ పొద్దు ముందే పొడుస్తుంది, నువ్వు దిగిన కాసేపటికే వెలుగొస్తుంది. ఈ మాట ఆమెకు నచ్చినట్టుంది. "అట్లయితే చీకట్లో ఎతుక్కునే పని లేదు," అంది. నాకు తెలిసినవన్నీ చెప్పాను. బెల్టు ఎట్లా పెట్టుకోవాలి, చెవులు మూసుకుపోతే గుటక వేయాలి, దిగినాక జనం ఎటు పోతే అటు పోవాలి. నేను ఎప్పుడూ విమానం ఎక్కలేదని ఆమెకు తెలుసు. అడ్డం చెప్పకుండా వింది.

విమానాశ్రయం చేరేసరికి వేళ మించలేదు. టికెట్ ఉన్న మనిషే లోపలికి పోవాలి. గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకున్న పోలీసు ఆధార్ కార్డు చూసి, ఆమె ముఖం చూసి, పొమ్మన్నాడు. లోపల బరువు తూచి చీనీకాయలు సగం తీసేయమన్నారట. అద్దాల అవతల ఆమె వంగి, ఒక్కొక్క కాయ చేత్తో నొక్కి చూసి, మంచివి సంచిలో ఉంచి, మిగిలినవి అక్కడ నేల తుడుస్తున్న ఆడమనిషి కొంగులో పోయడం నాకు కనపడింది. ఆ తర్వాత జనంలో కలిసిపోయింది. తిరిగి చూస్తుందేమోనని చేయి ఎత్తి పెట్టుకున్నాను. చూడలేదు.

మేము బయలుదేరి కదిరిలో ఒక లాడ్జిలో పండుకున్నాం. వాళ్లిద్దరూ నిద్రపోయారు. నేను ఫోన్‌లో విమానం బొమ్మ చూపించే పేజీ తెరిచి పెట్టుకున్నాను. తోడల్లుడు పంపిన లింకు. సముద్రం మీద చిన్న బొమ్మ. పక్కన ఎత్తు, వేగం అంకెలు. ఆ బొమ్మ లోపల ఆమె ఎక్కడ కూర్చుందో, గుటక వేస్తోందో లేదో, బెల్టు వేసుకుందో లేదో ఆ అంకెల్లో లేదు. ఒక్కోసారి బొమ్మ కదలకుండా ఆగిపోయేది. మళ్లీ ఒక్క దూకుతో ముందుకు పోయేది.

తెల్లవారుజామున ఫోన్. తోడల్లుడు. వెనక ఆమె గొంతు. "దిగినానని చెప్పు. ఆయన పండుకోకుండా ఉంటాడు."

మంగళవారం సాయంత్రం మరదలు సంతకం పెట్టిందని తోడల్లుడు చెప్పాడు. కాగితం చదవను కూడా లేదట. అక్క పక్కన కూర్చుని చీనీకాయ వలుస్తుంటే, ఒక చేత్తో తొన తీసుకుని నోట్లో పెట్టుకుని ఇంకో చేత్తో సంతకం చేసిందట. తినకూడదని నర్సు వచ్చి తిట్టిందట.

బుధవారం నేను ప్రొద్దుటూరులో ఇంట్లోనే ఉన్నాను. కాలు నిలవలేదు. చెవి కట్టు మార్పించుకోవడానికి ఆసుపత్రికి పోయి, వరుస రాకముందే లేచి వచ్చేశాను. అంగడికి పోయి ఏం కొనాలో మరిచిపోయి వట్టి చేతులతో వచ్చాను. కుర్చీలో కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే కూర్చోవాలనిపించింది. ఫోన్ వచ్చినప్పుడు పదకొండు దాటింది. నా భార్యే.

"లోపలికి తీసకపోయినారయ్యా."

"చెయ్యి పట్టుకున్నావా?"

"తెల్లార్నించి పట్టుకునే ఉండా. తలుపు కాడ అదే ఇడిపించుకునింది. పో అక్కా, టీ తాగిరా, నీ ముఖం చూడలేకుండా ఉండా అనింది."

"తాగినావా?"

"యాడ తాగుతా. ఈడ టీలో అల్లం వెయ్యరు." వెనక ఎవరివో చెప్పుల చప్పుడు, తెలియని భాషలో పిలుపులు. తర్వాత అంది. "నువ్వేం చేస్తాండావు?"

"ఏం లేదు."

"తిన్నావా?"

"తింటా."

"తిను. ఇంకా నాలుగైదు గంటలు పడతాదంట. నేనే చేస్తా. నువ్వు చెయ్యాకు, ఊరికే ఉలిక్కిపడతా."

ఆ నాలుగైదు గంటలు ఆరయ్యాయి. నేను చేయలేదు. సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుని ఉన్నప్పుడు ఫోన్ మోగింది. ఎత్తగానే ఆమె ఏడుస్తోంది. నేను అరుగు మీది నుంచి లేచాను. తర్వాత ఏడుపు మధ్యలోంచి మాట వచ్చింది.

"కండ్లు తెరిచిందయ్యా. నన్నే చూసింది. నోట్లో గొట్టం ఉండాది కదా, మాట్లాడలేదు. చేత్తో సైగ చేసింది. పక్కన కూర్చోమని."

"కూర్చో మరి," అన్నాను.

"కూర్చున్నా," అంది, ఫోన్ పెట్టేసింది.